అట్ట మీద రెండు గుంటలు

సోమవారం

ప్రియమైన అక్కకు,

ఇక్కడ నేను క్షేమం. చాలావరకు క్షేమం. క్షేమంగా లేని మిగతా భాగం గురించే ఈ ఉత్తరం.

గ్రంథాలయంలో నా పని మారింది. ఇన్నాళ్లూ నేలమాళిగలో, బైండింగు గదిలో కూర్చుని చినిగిన పుస్తకాలకు జిగురు రాసేదాన్ని కదా. ఇప్పుడు ఇల్లు కదలలేని పాఠకులకు సైకిల్ మీద పుస్తకాలు చేరవేస్తున్నాను. నేనే అడిగి తీసుకున్నాను. నేను ఒకరిని ఒకటి అడగడమేమిటని ఆశ్చర్యపోకు. కాగితం మీద రాసి, మా పెద్ద మేడమ్ టేబుల్ మీద పెట్టి, ఆవిడ వచ్చేలోగా పారిపోయాను.

ఎందుకడిగానో నీకైనా చెప్పాలి. బైండింగు గదిలో రోజంతా ఒక్క మాట మాట్లాడకపోయినా గడిచిపోతుంది. ఒక సాయంత్రం ఇంటికి వస్తూ వీధి మలుపులో కొట్టు దగ్గర ఆగి "పాలు" అనబోతే గొంతులోంచి శబ్దం రాలేదు. కొట్టతను నేను మూగదాన్ననుకుని, పాపం, సైగలు చేశాడు. మర్యాదకి నేనూ సైగలు చేశాను. అప్పటి నుంచి ఆ కొట్లో నా వ్యవహారమంతా సైగలతోనే. ఇప్పుడు మాట్లాడితే అతన్ని మోసం చేసినట్టవుతుందని భయం. అదే తలుపు తట్టి పుస్తకం ఇచ్చే పనైతే, తలుపు తీసినవాళ్లతో ఏదో ఒకటి మాట్లాడక తప్పదు. ఆ తప్పకపోవడమే నాకు కావాలి.

చిక్కల్లా సైకిల్ సీటుతో వచ్చింది. ఎక్కిన కాసేపటికే కూర్చోవడం కష్టమవుతోంది. ఇంతకంటే వివరంగా రాయలేను. ఉత్తరంలో మనిషి మెడ నుంచి పైకే ఉండాలని కాన్వెంటులో మా సిస్టర్ నేర్పారు. చేతులు ఉండవచ్చు, రాసేవి అవే కాబట్టి.

నా రౌండులో ఆఖరి ఇల్లు ఎత్తు మీద ఉంది. అందులో ఒక దర్జీ అవ్వ ఉంటుంది. మోకాళ్లు పట్టేసి మెట్లు దిగలేదు. ఆవిడకి మొదటి భాగం ఇచ్చిన నవలకి రెండో భాగం నా సంచిలోనే ఉంది. ప్రతిసారీ ఎత్తు మొదట్లోనే నేను ఓడిపోయి వెనక్కి తిరుగుతున్నాను. పెద్ద మేడమ్ నెలాఖరు దాకా గడువిచ్చారు. అప్పటికీ ఆఖరి ఇంటికి పుస్తకం చేరకపోతే రౌండు వ్యాను డ్రైవరుకి, నేను జిగురుకి.

మీ వీధిలో సైకిల్ సీట్లు కుట్టే మేస్త్రీ ఉన్నాడని ఒకసారి చెప్పావు. ఆయన్ని అడగగలవా? నా పేరు మాత్రం చెప్పకు.

నీ చెల్లి

తా.క.: ప్రస్తుతం సీటు మీద కూర్చోకుండా, పెడళ్ల మీద నిలబడి తొక్కుతున్నాను. ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందనుకుని జనం దారి ఇస్తున్నారు. నిన్న ఒకాయన పరిగెత్తుకుంటూ నా వెంట వచ్చి, "నేనేమన్నా సాయం చేయనా?" అన్నాడు. వంటల పుస్తకం తీసుకెళ్తున్నానని చెప్పలేకపోయాను.


గురువారం

గుసగుసా,

ఇక్కడ అందరం క్షేమం. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీకు నొప్పి ఎక్కడో నాకు అర్థం కాలేదు. మీ బావకిచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మరీ చదివి, "మెడనొప్పిలా ఉందే" అన్నారు.

సరే, నేనే బుర్ర పెట్టి ఆలోచించి మేస్త్రీ కొట్టుకి వెళ్లాను. ఒకటే తోలు వాసన. గోడ నిండా సీట్లు. బల్ల మీద వరసగా మగవాళ్లు కూర్చుని టీ తాగుతున్నారు.

"ఎవరికమ్మా సీటు?" అన్నాడు మేస్త్రీ.

"మా చెల్లెలికి."

"నొప్పెక్కడ?"

నువ్వు పేరు చెప్పొద్దన్నావు గాని చోటు చెప్పొద్దనలేదుగా. "పిర్రల్లో!" అన్నాను. నా గొంతు సంగతి నీకు తెలుసు. ఒకాయన టీ గ్లాసు కింద పెట్టి మెల్లగా బయటికి నడిచాడు. మేస్త్రీ మాత్రం తల కూడా ఎత్తలేదు. "పిర్రల్లో అంటే కండా, ఎముకా?" అని అడిగాడు.

ఆయన చెప్పింది విను. మనిషి కూర్చునేది కండ మీద కాదట. అడుగున రెండు ఎముకలుంటాయి, బరువంతా వాటి మీదేనట. ఆ రెంటి మధ్య ఎడం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. మనిషి సన్నమా లావా అన్నదానితో పని లేదు. ఆ ఎడం తెలిస్తే చాలు, సీటు కుట్టేస్తాడు.

అందుకని నువ్వు చేయాల్సిందిది. సామాన్ల పెట్టెల అట్ట ఉంటుంది చూడు, లోపల అలలు అలలుగా. అది ఒక గట్టి స్టూలు మీద వెయ్యి. దాని మీద కూర్చో. కాళ్లు కాస్త పైకెత్తి అలాగే ఉండు. లేచి చూస్తే అట్ట మీద రెండు గుంటలు పడి ఉంటాయి. ఆ అట్ట నాకు పంపు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, నీ మొహం దాని మీద పడదు.

అక్క

తా.క.: మేస్త్రీ కొట్లో ఒక గోడకి ఈ అట్టలే వేలాడుతున్నాయే, ఒక్కోదాని మీద ఒక్కో పేరు. పోస్టుమాస్టరుగారిది కూడా ఉంది. నిన్న స్టాంపులకి వెళ్తే ఆయన "ఏం కావాలమ్మా" అన్నారు. నాకు నవ్వాగలేదు. స్టాంపులు కొనకుండానే వచ్చేశాను. ఈ కవరు మీద స్టాంపు మీ బావ కొన్నది.


మంగళవారం

ప్రియమైన అక్కకు,

నేను క్షేమం. అట్ట ఈ ఉత్తరంతో పాటు వేరే పొట్లంగా పంపుతున్నాను.

అది తయారవడానికి ఇంత ఆలస్యమెందుకైందంటే, నా గదిలో నాతో పాటు ఒక టైపిస్టు ఉంటుంది. మంచమ్మాయి. కాని ఎప్పుడూ గదిలోనే ఉంటుంది. ఒక ఆదివారం ఆవిడ స్నానానికి వెళ్లడం చూసి, స్టూలు మీద అట్ట వేసి, తలుపు గడియ పెట్టి, కూర్చోబోయాను. అంతలో తలుపు తట్టింది, సబ్బు మర్చిపోయిందట. నేను అట్టని వెనక దాచుకుని తలుపు తీశాను. "ఏం దాస్తున్నావు?" అంది. "అట్ట" అన్నాను. నిజం చెబితే అనుమానం రాదని పుస్తకాల్లో ఉంటుంది. అది తప్పు. ఆవిడ ఇప్పటికీ నన్ను ఒకలా చూస్తోంది.

ఆ తరవాత అట్టని నా టేబుల్ మీద, అందరికీ కనబడేలా, మామూలు అట్టలా పడేశాను. పని చివరికి అక్కడే అయిపోయింది. ఒక మంచి నవల చదువుతూ ఉన్నాను, చూసేసరికి అట్ట మీద గుంటలు పడి ఉన్నాయి. చక్కగా, లోతుగా, రెండు. ఎలా అయిందని మాత్రం అడగకు. ఎముకల గుంటలే, అంతవరకు నిజం.

దర్జీ అవ్వకి పుస్తకం ఇంకా చేరలేదు. పక్కింటివాళ్లతో కబురు పంపిందట, "ఆ పిల్ల బతికే ఉందా?" అని.

నీ చెల్లి

తా.క.: పోస్టాఫీసులో పొట్లం తూచే ఆయన "లోపలేముంది?" అన్నాడు. "కొలత" అన్నాను. "దేని కొలత?" అన్నాడు. నా వెనక పెద్ద వరస ఉంది. "దేశపటం" అన్నాను. ఆయన గౌరవంగా మడత పడకుండా పెట్టాడు.


శనివారం

ఏమే గుసగుసా,

ఇన్నాళ్లూ మాట్లాడదు, పలకదు, పాపం అమాయకురాలు అనుకుంటూ వచ్చాం. నువ్వా! ముందు కూర్చుని చదువు. కూర్చోవడం కష్టమైతే నిలబడే చదువు.

అట్ట పట్టుకుని మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఆయన చూశాడు. కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చూశాడు. టేపుతో కొలిచాడు. టేపు తిరగేసి ఆ వైపు నుంచి కొలిచాడు. టీ తాగేవాళ్లు కూడా లేచొచ్చి చుట్టూ నిలబడ్డారు.

"అమ్మా, ఇది ఒక మనిషి కొలత కాదు" అన్నాడు.

"మరి?"

"ఇంత ఎడం ఏ మనిషికీ ఉండదు. ఇద్దరు పక్కపక్కనే ఇరుక్కుని కూర్చున్నారు. చెరో ఎముకే అట్ట మీదికొచ్చింది. రెండో ఎముక చెరో పక్క గాల్లో ఉండిపోయింది." వేలు పెట్టి మరీ చూపించాడు. "చూడండి, ఈ ఎడమ పక్క గుంట లోతుగా ఉంది. కుడి పక్కది తేలిక. తేలికది మీ చెల్లెలిది. ఈ బరువైనాయన ఎవరో నాకు తెలియదు."

టీ తాగేవాళ్లలో ఒకాయన, "పిల్లలు చల్లగా ఉండాలి" అన్నాడు.

ఎవరే ఆ బరువైనాయన? స్టూలు మీద నీ పక్కన కూర్చునేంత చనువున్నవాడు! పేరు చెప్పొద్దన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. ఇల్లిల్లూ తిరిగే ఉద్యోగం అడిగి మరీ తీసుకున్నప్పుడు రావాల్సింది. నేను కోప్పడనే. ఎవరో చెప్పు చాలు. అమ్మకి చెప్పేశాను. అమ్మ ముందు కళ్లనీళ్లు పెట్టుకుని, తరవాత మొహం కడుక్కుని, అబ్బాయి ఏం చేస్తాడని అడిగింది.

అక్క

తా.క.: బరువైతే బరువయ్యాడు, దిగులు పడకు. పెళ్లినాటికి మీ బావ కూడా అంతే. ఇప్పుడింకా ఎక్కువనుకో.


మంగళవారం

అక్కా,

ఎవరూ లేరు.

దయచేసి అమ్మకి వెంటనే చెప్పు, ఎవరూ లేరు. ఆ స్టూలు మీద నేనే ఇంతవరకు కూర్చోలేదు. అట్ట మీద గుంటలు పడినప్పుడు గదిలో నేనూ, ఒక ఓడ కెప్టెనూ తప్ప ఇంకో ప్రాణి లేదు. ఆయన కూడా నవలలోనే ఉన్నాడు.

రెండు గుంటలూ నావే. నా ఒంట్లో ఎముకలవే. ఎడమవైపు లోతెందుకంటే, పేజీ తిప్పేటప్పుడు బరువంతా ఎడమవైపే వేస్తాను. అది నా చిన్ననాటి అలవాటు, అమ్మనడుగు. ఇంతకంటే చెప్పాలంటే మా సిస్టర్ నా భుజం మీదుగా తొంగి చూస్తున్నట్టు ఉంది. మేస్త్రీకి ఆ కొలతే నాదని చెప్పి, సీటు కుట్టించి పంపు. నెలాఖరు దగ్గర పడుతోంది. ఇవాళ కూడా ఎత్తు మొదట్లోనే దిగిపోయాను.

నీ చెల్లి

తా.క.: నువ్వు పంపిన ఉత్తరం నేను బయటికి వెళ్లినప్పుడు వచ్చింది. కవరు సరిగ్గా అంటుకోలేదేమో, టైపిస్టు తెచ్చి ఇస్తూ, "ఆయన బరువెంత?" అంది.


శుక్రవారం

గుసగుసా,

ఓడ కెప్టెనట! నవల్లో ఉన్నాడట! మన నాన్నగారిలాంటి అమాయకులకి చెప్పు ఆ మాట. నేను మాత్రం నువ్వు చెప్పేదాకా ఇక అడగను. (ఓడ ఉద్యోగమైతే ఇంటిపట్టున ఉండడు, అదొక్కటే అమ్మ బెంగ.)

నావే నావే అని అంత గట్టిగా రాశావు కాబట్టి మేస్త్రీకి అదే చెప్పాను. ఆయన అట్టని దూరంగా పెట్టి చూశాడు.

"రెండూ ఒక్కరివేనా?"

"ఒక్కదానివే."

"ఆ అమ్మాయి గుమ్మంలోంచి నేరుగా వస్తుందా, పక్కకి తిరిగి వస్తుందా?"

నాకు ఒళ్లు మండింది. "మా చెల్లెలు గాలొస్తే ఎగిరిపోయేలా ఉంటుంది" అన్నాను. "సంతోషం తల్లీ, నాకెందుకు. అట్ట ఏం చెబితే నేనది కుడతాను" అన్నాడు. కుట్టాడు. ఇలాంటిది ఇన్నేళ్లలో చేయలేదట. చూడ్డానికి పక్క వీధివాళ్లు కూడా వచ్చారు. పార్సిలు ఈ రోజే పంపుతున్నాను. దాంతో పాటు బోల్టులు, ఒక పానా.

అక్క

తా.క.: అమ్మ నీకు పావడాలు కుట్టిస్తోంది. నువ్వొచ్చి చాలా రోజులైంది కదా, కొలత ఎలా అని నేనంటే, "అట్ట ఉందిగా" అంది. దర్జీ రెండుసార్లు వచ్చి అడిగాడు, ఇది పావడాకా, పందిరికా అని.


బుధవారం

ప్రియమైన అక్కకు,

సీటు వచ్చింది. నేనూ టైపిస్టూ కలిసి మెట్లెక్కించాం.

పానాతో నేనే బిగించాను. అరచేతులు పొక్కులు లేచినా సంతోషంగానే బిగించాను. తీరా ఎక్కి కూర్చుంటే రెండు కాళ్లూ చెరో దిక్కుకి పోయాయి. పెడళ్లు బొటనవేళ్లకి మాత్రమే అందుతున్నాయి. సైకిల్ మీద కూర్చున్నట్టు లేదు, ఎవరో నన్ను పళ్లెంలో పెట్టి తీసుకెళ్తున్నట్టుంది. మార్కెట్టు మలుపులో ఆగితే ఒకావిడ తన సంచి సీటు అంచు మీద పెట్టి చిల్లర వెతుక్కుంది. నేను కూడా అక్కడే కూర్చుని ఉన్నానని ఆవిడ గమనించలేదు. వెతకడం అయ్యేదాకా కదలకుండా ఉన్నాను. ఆవిడకి ఇబ్బంది అవుతుందని.

గ్రంథాలయం గేటు దగ్గర పెద్ద మేడమ్ చూశారు. నన్ను కాదు, సీటుని. చాలాసేపు చూశారు. "అమ్మాయ్, శనివారం దాకా ఆగుతాను. శనివారం ఆఖరి ఇంటికి పుస్తకం చేరకపోతే సోమవారం నుంచి నువ్వు జిగురు కలుపుకో" అన్నారు. నేను తల ఊపాను. ఆవిడ ముందు నా నోరు ఇంకా పెగలదు.

అక్కా, ఇప్పుడు నిజం రాయక తప్పదు. చదివి చించెయ్యి.

అవి నా మోచేతులు.

అట్ట టేబుల్ మీద ఉంది కదా. దాని మీదే నవల పెట్టుకుని, రెండు మోచేతులూ ఆనించి, చెంపలు అరచేతుల్లో పెట్టుకుని చదివాను. కెప్టెను ఓడ మునగబోతోంది. ఓడ ఒడ్డుకి చేరేసరికి అట్ట మీద రెండు గుంటలు. దేవుడే పంపాడనిపించింది. స్టూలు మీద కూర్చోవడం, ఆ గుర్తుని ఎవరో మేస్త్రీ వెలుతురులో పెట్టి చూడటం, గోడకి వేలాడదీయడం తలచుకుంటేనే నాకు చెమటలు పట్టేవి. ఎముక ఎముకే కదా, ఏదైతేనేం అని మనసుకి నచ్చజెప్పుకున్నాను. మోచెయ్యి ఉత్తరంలో రాయదగిన భాగం కూడాను. అంత చదివాను, ఇంత చిన్న సంగతి తట్టలేదు. మెడ కిందికి నాకసలు చదువు అబ్బలేదు.

శనివారానికి ఇంక ఏమీ కుదరదని తెలుసు. జిగురు వాసన నాకు అలవాటే. దర్జీ అవ్వ గురించే బాధ.

నీ చెల్లి

తా.క.: మేస్త్రీ పనితనాన్ని మాత్రం మెచ్చుకోవాలి. సీటు విప్పి టేబుల్ మీద పెట్టుకున్నాను. మోచేతులు ఆనిస్తే ఎంత హాయిగా ఉందో! ఈ ఉత్తరం దాని మీదే రాస్తున్నాను.


గురువారం

పిచ్చిదానా,

పొద్దున టపాలో నీ ఉత్తరం అందింది. చదివి నవ్వి నవ్వి నేల మీద కూలబడ్డాను. మీ బావ మంచినీళ్లు తెచ్చిచ్చి, ఉత్తరం చదివి, మిగిలిన నీళ్లు తను తాగారు. అమ్మ మాత్రం కెప్టెను లేడని తెలిసి కాస్త దిగులుపడింది. పేర్లు కూడా ఆలోచించి పెట్టుకుందట.

చించెయ్యమన్నావు గాని, చించే ముందు మేస్త్రీకి చూపించాల్సొచ్చింది. ఆయన నవ్వలేదు. "ఇద్దరు మనుషులనుకున్నానే" అని తన మీద తనే చిరాకుపడ్డాడు.

ఇంకో సీటు కుట్టాడు. పొద్దున్నించి వేరే పని ముట్టుకోలేదు. ఈ సాయంత్రం బస్సులో డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను, రేపు బస్టాండులో అందుకో. ఏ కొలతతో కుట్టాడని అడగకు. నేను చెప్పను.

బిగించేటప్పుడు ఇలా చెయ్యి. సీటు సమంగా ఉండాలి, ముక్కు పైకి లేవకూడదు, కిందికి వాలకూడదు. పెడలు అడుగుకొచ్చినప్పుడు మడమ ఆనిస్తే కాలు చాపినట్టుండాలి. మొదట్లో తోలు గట్టిగా ఉంటుందట, ఓపిక పట్టమన్నాడు.

అక్క

తా.క.: ఇది బిగించేటప్పుడు దయచేసి ఏమీ చదవకు.


ఆదివారం

ప్రియమైన అక్కకు,

నేను క్షేమం. ఈసారి పూర్తిగా క్షేమం.

సీటు సమంగా ఉందో లేదో తెలియడానికి దాని మీద ఒక పుస్తకం, పుస్తకం మీద ఒక గోళీ పెట్టాను. గోళీ దొర్లి మంచం కిందికి పోయింది. బోల్టు వదులు చేసి మళ్లీ పెట్టాను. మళ్లీ పోయింది. టైపిస్టు మంచం కింద పడుకుని గోళీని అందిస్తూ ఉంది. ఆఖరికి గోళీ కదలకుండా నిలిచింది. పుస్తకం తెరవలేదు, నీ మీద ఒట్టు.

నిన్న పొద్దున ఎక్కి కూర్చున్నాను. ఏమీ కాలేదు. ఇది చెప్పడానికి నా దగ్గర ఇంతకంటే గొప్ప మాట లేదు. వీధి దాటినా ఏమీ కాలేదు. మార్కెట్టు మలుపు తిరిగాను. ఇళ్లన్నీ వరసగా అయిపోయాయి. ఎత్తు మొదలైంది. అక్కడ అలవాటు ప్రకారం దిగబోయి, దిగడానికి కారణం ఏమిటా అని వెతికాను. దొరకలేదు. కూర్చునే పైకి వెళ్లిపోయాను.

దర్జీ అవ్వ తలుపు తీసి, "ఓహో, బతికే ఉన్నావు!" అంది. నేను పుస్తకం చాచాను. "ఇప్పుడెందుకే ఇది? నువ్వు రావని నేనే కథ ముగించేశాను. వాణ్ణి చంపేశాను" అంది.

"ఎవర్ని?"

"ఆ కెప్టెన్ని. ఓడతో పాటు ముంచేశాను. వాడి పొగరు నాకు నచ్చలేదు."

"మునగడండీ!" అన్నాను. అవును, నేనే. వీధిలోకి వినబడేలా అన్నాను. "ఆయన ఒడ్డుకి చేరతాడు. నేను చదివాను. ఆ ఓడ ఒడ్డుకి చేరేదాకా నేను మోచేతులు ఎత్తలేదు!" అవ్వ నా కేసి చూసి కుర్చీ జరిపింది. చీకటి పడబోయేదాకా వాదించుకున్నాం. ఆవిడ ఇంకా ముంచాలనే అంటోంది. వచ్చే వారం మళ్లీ వాదించాలి. పెద్ద మేడమ్‌తో చెబితే, "సరే, రౌండు నీదే" అన్నారు. "థాంక్యూ మేడమ్" అన్నాను. నోటితోనే.

ఒక్క సంగతి అంతుపట్టడం లేదు. నేను తిరిగి సైకిల్ ఎక్కి కూర్చుంటే అవ్వ కిటికీలోంచి చూసి, "కొలత తీసినవాడెవడో గాని నిన్ను ఎదురుగా కూర్చోబెట్టి తీసినట్టుందే" అంది. నేను స్టూలు ఎక్కనే లేదు. మేస్త్రీకి ఎలా తెలిసింది?

నీ చెల్లి

తా.క.: వస్తూ వస్తూ ఆ ఊపులోనే పాలకొట్టు దగ్గర ఆగి "పాలు ఇవ్వండి" అన్నాను. కొట్టతను కౌంటరు దాటి బయటికొచ్చి, "మాటొచ్చిందా తల్లీ!" అని కళ్లు తుడుచుకున్నాడు. అక్కడున్న వాళ్లందరికీ చెప్పాడు. నిజం చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. "అవునండీ, నిన్నటి నుంచే" అన్నాను.


బుధవారం

గుసగుసా,

చెప్పననుకున్నాను. కాని నీ ఉత్తరం చదివాక దాచుకోలేకపోతున్నాను.

నీ మోచేతుల ఉత్తరం తీసుకుని కొట్టుకి వెళ్లాను కదా. "మళ్లీ అట్ట తెప్పించి కుట్టేసరికి శనివారం దాటిపోతుందమ్మా" అన్నాడు మేస్త్రీ. నన్ను కిందా మీదా చూశాడు. "మీరు సొంత అక్కేనా?" అన్నాడు. "సొంతమే" అన్నాను. "అయితే కలవచ్చు. కలవకపోనూవచ్చు. చూద్దాం" అంటూ స్టూలు కొట్టు మధ్యలోకి జరిపి దాని మీద అట్ట వేశాడు.

నేను ఆ స్టూలుని చూశాను. బల్ల మీద వరసగా టీ తాగేవాళ్లు ఉన్నారు. వాళ్లూ నన్నే చూస్తున్నారు. నీ నొప్పి ఊరంతా వినబడేలా చెప్పిన నోరే, అప్పుడు పెగిలితే ఒట్టు. "అందరూ కాస్త అటు తిరగండి" అన్నాను. ఎవరికీ వినబడలేదు. అంత గుసగుసగా అన్నాను. ఇన్నేళ్లు నిన్ను ఏ పేరుతో పిలిచానో, ఆ గొంతు నాలో కూడా ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

చివరికి మేస్త్రీయే గదమాయించి వాళ్లని గోడ వైపు తిప్పాడు. గోడ మీద ఏముందీ, అట్టలు. తిరిగినవాళ్లలో పోస్టుమాస్టరుగారు కూడా ఉన్నారు. పాపం, నేను లేచేదాకా ఆయన తన అట్టకి ఎదురుగా నిలబడ్డారు. మొన్న నేను ఎందుకు నవ్వానో ఆయనకి అప్పుడు అర్థమైనట్టుంది. ఆ తరవాత స్టాంపులకి వెళ్తే, ఈసారి ఆయన నవ్వారు.

కాబట్టి నువ్వు దర్జీ అవ్వ ఇంటిదాకా ఎక్కింది నా కొలత మీదే. నేను బండలా ఉంటాననీ నువ్వు ఈకలా ఉంటావనీ అందరూ అంటారు కదా, మనమూ నమ్మాం. మాంసం సంగతి అది. లోపల మాత్రం మనిద్దరికీ ఒకటే ఎడం. మేస్త్రీ అట్ట గోడకి తగిలిస్తూ "ఎవరి పేరు రాయను?" అన్నాడు. నీ పేరు వద్దన్నావు. నా పేరు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయనే ఆలోచించి "అక్కాచెల్లెళ్లు" అని రాశాడు.

ఇంకోటి. అదే కొలతతో నాక్కూడా ఒక సీటు కుట్టించుకున్నాను. సైకిల్ లేదు, తొక్కడమూ రాదు. వచ్చే సెలవులకి నీ దగ్గరికొస్తాను, నేర్పు. పడితే నవ్వకు. నవ్వినా పర్వాలేదు, పైకి వినబడేలా నవ్వు.

అక్క

తా.క.: ఆ వెడల్పు సీటు ఎవరికీ ఇచ్చెయ్యకు. మేస్త్రీకి తన మాట పోయిందని ఇంకా బాధగానే ఉంది. "అది ఇద్దరి కొలతేనమ్మా, మీరిద్దరూ పక్కపక్కనే కూర్చుని చూడండి, చెరో ఎముక సరిగ్గా పడుతుంది" అని నిన్న కూడా దారిలో ఆపి చెప్పాడు. నేనొచ్చాక చూద్దాం. టైపిస్టుని మాత్రం అటు తిరగమను.